50 తూటాలు, 250 పాయింట్లు: టెక్సాస్ ఎల్టీసీ షూటింగ్ పరీక్షకు ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

పని: టెక్సాస్‌లో హ్యాండ్‌గన్ దగ్గర పెట్టుకుని తిరగడానికి ఆ రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ శాఖ ఇచ్చే ఎల్టీసీ (లైసెన్స్ టు క్యారీ) లైసెన్సుకు షూటింగ్ పరీక్ష పాసవడం. పాసు మార్కు 175. మేం పెట్టుకున్న మార్కు 230.

తుపాకులు రెండు, షూటర్లు ఇద్దరు. ఒకటి గ్లాక్ 19, 9 ఎంఎం, 15 తూటాల మ్యాగజైన్. రెండోది స్మిత్ అండ్ వెసన్ 442 రివాల్వర్, .38 స్పెషల్, అయిదే తూటాలు, బరువు 15 ఔన్సుల లోపే. ఇద్దరిదీ కుడిచేతి వాటమే. ఈ డైరీలో వాళ్ళను "గ్లాక్", "రివాల్వర్" అనే రాస్తున్నాం.

మొదటి వారం: తుపాకీ తీయకముందు

ముందు చట్టం సంగతి. డల్లాస్ దగ్గరి ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు ఉండే మనవాళ్ళలో చాలామంది వీసా మీద ఉంటారు కాబట్టి ఇది మొదటే రాయాలి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. అవి తనకు వర్తిస్తాయో లేదో లాయర్‌ను అడిగి తేల్చుకున్నాకే షూటింగ్ రేంజ్ గుమ్మం తొక్కాలి. "అద్దె తుపాకీయే కదా, స్నేహితుడిదే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డంకి లేదు.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా అనర్హత లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకు తిరగొచ్చు. మరి ఈ పరీక్ష దేనికి? మా కారణాలు మూడు. టెక్సాస్ లైసెన్సును గుర్తించే వేరే రాష్ట్రాల్లో ఇది పనికొస్తుంది. బడికి 1,000 అడుగుల లోపు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఫెడరల్ స్కూల్ జోన్ చట్టం నుంచి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుకు మినహాయింపు ఉంది. ఊళ్ళో ఏ దారిన వెళ్ళినా ఏదో ఒక బడి తగులుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మూడోది, క్లాసు. ఎప్పుడు బలప్రయోగం చేయొచ్చు, ఎప్పుడు చేయకూడదు, గొడవను మాటలతో ఎలా తప్పించాలి, తుపాకీని పిల్లలకు అందకుండా ఎలా దాచాలి అన్నవి 4 నుంచి 6 గంటలు చెబుతారు. ఆ భాగం ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. షూటింగ్ మాత్రం ఇన్‌స్ట్రక్టర్ ఎదుటే కాల్చి చూపాలి. దరఖాస్తు రుసుము 2017 సెప్టెంబర్‌లో 140 డాలర్ల నుంచి 40కి తగ్గింది.

ఆ ఏడాదే ఇంకో మార్పు వచ్చింది. అంతకుముందు పరీక్షకు కనీసం .32 కాలిబర్ తుపాకీ ఉండాలనేవారు. ఆ షరతు తీసేశారు. ఇండియాలో పౌరులకు 9 ఎంఎం నిషిద్ధ బోరు కావడంతో లైసెన్సున్న ఇళ్ళలో .32 రివాల్వర్ చూసినవాళ్ళకు ఆ సంఖ్య తెలిసిందే. ఇప్పుడు .22తో కూడా పరీక్షకు నిలబడొచ్చు. కీళ్ళనొప్పులున్నవాళ్ళకు, మణికట్టు బలం లేనివాళ్ళకు అది మంచి దారి. మిగతావాళ్ళు మాత్రం రేపు నడుముకు పెట్టుకునే తుపాకీతోనే పరీక్షకు వెళ్ళాలని మా గట్టి అభిప్రాయం.

ఇక కోర్సు. టార్గెట్ బి-27, నల్లటి మనిషి ఆకారం, కాగితం 24 × 45 అంగుళాలు. దూరాలు 3, 7, 15 గజాలు. స్థలాలు కొన్నవాళ్ళకు గజం లెక్క చెప్పక్కర్లేదు: 9 అడుగులు, 21 అడుగులు, 45 అడుగులు. హోల్‌స్టర్ నుంచి లాగే పని లేదు. తుపాకీ రెండు చేతుల్లో కిందికి వాలి, వేలు ట్రిగ్గర్ బయట ఫ్రేమ్ మీద ఉంటుంది. విజిల్ లేదా బీప్ వినగానే లేపి కాల్చాలి.

3 గజాల దగ్గర 20 తూటాలు: ఒక్కోటి 2 సెకన్లలో అయిదుసార్లు, రెండేసి 3 సెకన్లలో అయిదుసార్లు, చివర అయిదూ కలిపి 10 సెకన్లలో.

7 గజాల దగ్గర 20: అయిదు 10 సెకన్లలో, రెండు 4 సెకన్లలో, మూడు 6 సెకన్లలో, ఒక్కోటి 3 సెకన్లలో అయిదుసార్లు, అయిదు 15 సెకన్లలో.

15 గజాల దగ్గర 10: రెండు 6 సెకన్లలో, మూడు 9 సెకన్లలో, అయిదు 15 సెకన్లలో.

8వ రింగు, దాని లోపల ఎక్కడ తగిలినా 5 పాయింట్లు. 7వ రింగుకు 4. దాని బయట, నల్లటి ఆకారం మీదయితే 3. మొత్తం 250కి 175 రావాలి, అంటే 70 శాతం.

ఈ అంకెలతో కాసేపు కాగితం మీద కూర్చున్నాం. 3, 7 గజాల దగ్గర 40 తూటాలూ 8వ రింగులో పడితే అక్కడికే 200. 15 గజాల దగ్గర పదికి పదీ గోడకు పోయినా పాసే. అదే, యాభైకి యాభై ఆకారం మీదే పడినా అన్నీ అంచుల్లోనే పడితే 150, ఫెయిలు. అన్నీ 7వ రింగులో పడితే 200, పాసు. 8వ రింగు కొలత దాదాపు 12 × 18 అంగుళాలు. 9 అడుగుల దూరంలో అంత పెద్ద గుడ్డు ఆకారాన్ని తప్పడం కష్టం. మరి జనం ఎక్కడ ఫెయిలవుతారు? గడియారం దగ్గర. అంచుకు పోయిన తూటా పోగొట్టేది 2 పాయింట్లు, కాల్చని తూటా పోగొట్టేది 5. సాధనలో బీప్ తర్వాత పేలిన తూటాకు సున్నా వేయాలని ఆ రోజే రాసుకున్నాం.

వారం చివర, ఏ సలహా లేకుండా, కోర్సు మొత్తం ఒకసారి కాల్చారు.

గ్లాక్: 3 గజాలు 90 (18 అయిదులు, 2 ఆలస్యం). 7 గజాలు 86 (12 అయిదులు, 5 నాలుగులు, 2 మూడులు, 1 ఆలస్యం). 15 గజాలు 31 (2 అయిదులు, 3 నాలుగులు, 3 మూడులు, 2 బయటికి). మొత్తం 207.

రివాల్వర్: 3 గజాలు 83 (15 అయిదులు, 2 నాలుగులు, 3 ఆలస్యం). 7 గజాలు 67 (6 అయిదులు, 7 నాలుగులు, 3 మూడులు, 4 ఆలస్యం). 15 గజాలు 13 (1 నాలుగు, 3 మూడులు, 4 బయటికి, 2 ఆలస్యం). మొత్తం 163, ఫెయిలు.

రివాల్వర్‌కు 12 పాయింట్లు తక్కువయ్యాయి. ఆలస్యమైన తూటాలు 9. అవి ఆకారం మీద ఎక్కడ తగిలినా తొమ్మిది మూళ్ళు 27, మొత్తం 190 అయ్యేది. ఫెయిలైంది గురి కాదు, వేగం.

రెండో వారం: తూటా లేని సాధన

ఈ వారం రేంజ్‌కు వెళ్ళలేదు. రోజుకు 10 నిమిషాలు, అయిదు రోజులు, ఇంట్లో డ్రై ఫైర్.

పద్ధతి ఇది. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయాలి. మ్యాగజైన్ తీయాలి, స్లైడ్ (తుపాకీ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక్కి లాగి చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, కంటితో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి అయిదు గదులూ లెక్కపెట్టాలి. గురి పెట్టే గోడ అవతల మనిషి తిరిగే చోటు ఉండకూడదు. ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ మోగినా ఆ రోజుకు సాధన ముగిసినట్టే. తిరిగొచ్చి "ఇందాకే చూశాను కదా" అనుకునే క్షణంలోనే ప్రమాదం ఉంది. మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటే తనిఖీ మొత్తం మళ్ళీ మొదటినుంచి.

గోడ మీద టార్గెట్ చిన్నది చేసి అంటించాం. 9 అడుగుల దూరంలో నిలబడి 15 గజాలను చూడాలంటే అయిదో వంతుకు కుదించాలి. 8వ రింగు 2.4 × 3.6 అంగుళాలు అవుతుంది, 7వ రింగు 3.2 × 4.8. 7 గజాలకయితే 8వ రింగు 5.1 × 7.7. నల్ల ఛార్ట్ కాగితం కత్తిరించి రెండూ పక్కపక్కన పెట్టాం.

టైమర్ ఫోన్లోదే. ఖాళీ తుపాకీ 'క్లిక్' దానికి వినబడదు, వినబడాల్సిన పనీ లేదు. మొదటి బీప్, గడువు బీప్ ఉంటే చాలు. మొదటి రెండు రోజులు 2 సెకన్ల గడువు, మూడోరోజు 1.7, అయిదోరోజు 1.5. ఇంట్లో 1.5కి అలవాటు పడిన చేతికి పరీక్షలో 2 సెకన్లు తీరిగ్గా అనిపిస్తుంది.

గ్లాక్‌లో ప్రతి నొక్కుకూ ట్రిగ్గర్ మళ్ళీ సిద్ధం కావాలంటే స్లైడ్‌ను కొద్దిగా, పావు అంగుళం పైగా వెనక్కి లాగి వదలాలి. ఆ లాగుడులో పట్టు చెదురుతుంది కాబట్టి ప్రతిసారీ పట్టు కుదుర్చుకోవడం కూడా సాధనలో భాగమే. రివాల్వర్‌కు ఆ బాధ లేదు. 442లో బయటికి హామరే (తూటాను పేల్చే సుత్తి) కనబడదు, ప్రతి నొక్కూ దాదాపు 12 పౌండ్ల బరువుతో సిలిండర్ తిప్పి, హామర్ లేపి వదులుతుంది. గ్లాక్ ట్రిగ్గర్‌కు అందులో సగం చాలు. ఈ బరువే రివాల్వర్ షూటర్‌ను ఆలస్యం చేసింది. మొదటి వారంలో అతను తుపాకీ పూర్తిగా లేపి, గురి కుదిరాక అప్పుడు నొక్కడం మొదలుపెట్టేవాడు. 3 గజాల దగ్గర అలా చేస్తే 2 సెకన్లు చాలవు. తుపాకీ లేస్తూ గురి టార్గెట్ మీదికి చేరే సమయానికి నొక్కు సగం పూర్తయి ఉండాలి, చేతులు చాచుకోవడం ముగిసే లోపు హామర్ పడాలి. ట్రిగ్గర్ ఒకే వేగంతో, ఆగకుండా, నూతిలోంచి చేద లాగినట్టు రావాలి. మధ్యలో ఆపి "ఇప్పుడు" అని లాగితే తుపాకీ కొస వంగుతుంది. టార్గెట్ మీద చూపు పడకముందు మాత్రం వేలు లోపలికి పోకూడదు. ఈ క్రమం తప్పకుండా రావడానికి నాలుగు రోజులు పట్టింది.

మూడో వారం: నలుపు మీద నలుపు

రెండోసారి పూర్తి కోర్సు. గ్లాక్ 100 + 96 + 37 = 233. రివాల్వర్ 98 + 83 + 31 = 212. రివాల్వర్‌కు ఆలస్యం తొమ్మిది నుంచి ఒకటికి దిగింది. 49 పాయింట్ల తేడాలో పెద్ద వాటా దానిదే. ఒక వారం డ్రై ఫైర్ ఖర్చు సున్నా డాలర్లు.

15 గజాల దగ్గర మాత్రం ఇద్దరిదీ వెనకబాటే. కారణాలు వేరువేరు. రివాల్వర్‌ది కళ్ళ సమస్య. 442 ముందు సైట్ (గురి చూసే మొన) నల్లటి గీతల మెట్టు, టార్గెట్ నల్లది, రేంజ్‌లో అంత దూరాన వెలుతురు మందం. నలుపు మీద నలుపు కరిగిపోయి సైట్ ఎక్కడుందో కనబడదు. మందు: నెయిల్ పాలిష్. సైట్ మెట్టును రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, గీతల మధ్య నూనె లేకుండా దూదిపుల్లతో లాగి, పూర్తిగా ఆరనిచ్చాం. మొదట తెల్ల పూత, పలచగా, ఒక్కటే. అది గంటసేపు ఆరాక పైన మెరిసే నారింజ రంగు రెండు పూతలు. తెలుపు లేకుండా నేరుగా నారింజ వేస్తే కింది నలుపు దాన్ని మింగేసి గోధుమరంగుగా కనబడుతుంది. మందంగా వేస్తే పైఅంచు గుండ్రంగా మారి ఎత్తు తప్పుతుంది, కాబట్టి పైఅంచు మీద రంగు నిలవనివ్వకూడదు. గ్లాక్‌కు ఫ్యాక్టరీ నుంచే ముందు తెల్లచుక్క, వెనక తెల్ల గీత ఉంటాయి, దాన్ని ముట్టుకోలేదు.

ముందు సైట్ అంత ముఖ్యం ఎందుకో లెక్కలో చూపిస్తే బాగా ఎక్కుతుంది. గ్లాక్ 19లో ముందు, వెనక సైట్ల మధ్య దూరం దాదాపు 153 మిల్లీమీటర్లు. వెనక సైట్ గాడిలో ముందు సైట్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 3 గజాల దగ్గర తేడా 18 మిల్లీమీటర్లు, 7 గజాల దగ్గర 42, 15 గజాల దగ్గర 90, అంటే మూడున్నర అంగుళాలు. 3 గజాల దగ్గర సైట్ ఉందని కనబడితే చాలు, కాల్చేయొచ్చు. 15 గజాల దగ్గర గాడికి రెండు పక్కలా వెలుగు సమానంగా కనబడాలి. 442లో సైట్ల మధ్య దూరం ఇంకా తక్కువ, కాబట్టి అదే 1 మిల్లీమీటరు అక్కడ ఇంకా పెద్ద తప్పవుతుంది.

నలభై దాటినవాళ్ళకు ఇక్కడో చిక్కుంది. ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకుంటే చేయి చాచినంత దూరంలోని సైట్ స్పష్టంగా కనబడేది అద్దం కింది భాగంలోంచే. దానికోసం తల వెనక్కి వాలుతుంది, మెడ బిగుస్తుంది, బరువు మడమల మీదికి పోతుంది. రెండో తూటాకల్లా ఒళ్ళు వెనక్కి ఊగుతుంది. తరచుగా కాల్చేవాళ్ళయితే సైట్ దూరానికే చూపు కుదిరేలా ఒకే పవరున్న సేఫ్టీ కళ్ళద్దాలు చేయించుకోవడం మేలు. కంటి డాక్టరుకు "చేయి చాచినంత దూరం" అని ఊరికే చెప్పకుండా, ఇంట్లో నిలబడి కంటినుంచి సైట్ దాకా టేపుతో కొలిచి ఆ అంకె చెప్పాలి.

తూటాల బరువు సంగతి కూడా ఈ వారమే బయటపడింది. 442 సైట్లు కదలవు. 130 గ్రెయిన్ల (తూటా బరువు కొలిచే ప్రమాణం) తూటాలు గురి పెట్టిన చోటుకు కిందికి పడ్డాయి, 158 గ్రెయిన్లవి పైకి జరిగాయి. హ్యాండ్‌గన్‌లో బరువైన తూటా గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, అంతలో వెనక్కి తన్నుతూ కొస పైకి లేస్తుంది. అందుకే బరువైనది పైకి కొడుతుంది. మా 442కి 158 గ్రెయిన్లవే సరిపడ్డాయి, పరీక్షకు అవే తీసి పెట్టాం.

నాలుగో వారం: కిందికి, ఎడమకు

గ్లాక్ టార్గెట్‌ను మూడో వారం నుంచి దాచి ఉంచాం. 15 గజాల దగ్గరి పది తూటాల్లో ఆరు ఎడమవైపు కింద గుంపుగా ఉన్నాయి. కుడిచేతి షూటర్లలో ఇది మామూలు. చూడగానే చాలామంది సైట్ కుడికి జరపబోతారు. అలా చేయకూడదు. సైట్ తప్పయితే 3 గజాల దగ్గర నుంచీ అదే వైపు జరగాలి, అక్కడ గుంపు మధ్యలోనే ఉంది. తప్పు చేతిలో ఉంది.

తేల్చుకోవడానికి పరీక్ష: రెండో మనిషి మ్యాగజైన్ నింపుతాడు, ఏడు నిజం తూటాలు, మూడు డమ్మీలు, వరస చెప్పడు. షూటర్ మామూలుగా కాల్చుకుంటూ పోతాడు. డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ పేలదు, చేయి మాత్రం పేలినట్టే ప్రవర్తిస్తుంది. మొదటి డమ్మీకి గ్లాక్ కొస ఎడమ కిందికి స్పష్టంగా ముక్కు పొడిచింది. రాబోయే తన్నును ముందే అణచబోతున్న చేయి అది. దీన్ని మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు, డమ్మీ చూపిస్తే ఒప్పుకుంటారు.

సవరణలు రెండే చేశాం. ఒకటి, పట్టు బలాన్ని ఎడమచేతికి మార్చడం. కుడి అరచేయి మొత్తం బిగిస్తే ట్రిగ్గర్ వేలు మిగతా వేళ్ళతో కలిసే ముడుచుకుంటుంది. ఎడమచేయి గట్టిగా, కుడిచేయి కరచాలనం చేసినంత. రెండు, వేలు వదిలే పద్ధతి. పేలాక ట్రిగ్గర్‌ను పూర్తిగా ముందుకు వదలకుండా, 'టిక్' అని అందేదాకా మాత్రమే వదిలి అక్కడినుంచి మళ్ళీ నొక్కడం. 100 తూటాల్లో 60 ఈ డమ్మీ సాధనకే పోయాయి. చివరి మ్యాగజైన్‌లో మూడు డమ్మీలకూ కొస కదల్లేదు. గుంపు ఎడమ కింద నుంచి 9వ రింగు అంచుకు వచ్చింది.

రివాల్వర్‌తో 75 దగ్గర ఆపేశాం. అంత తేలిక తుపాకీ బొటనవేలి మూలాన్ని కొడుతుంది. చేయి నొప్పెట్టాక కాల్చే ప్రతి తూటా భయపడటం నేర్పుతుంది, కాల్చడం నేర్పదు.

అయిదో వారం: ఆగిపోవడాలు, నింపుకోవడాలు

గ్లాక్‌తో రెండు చిక్కులు. మొదటిది, మ్యాగజైన్ ఖాళీ అయినా స్లైడ్ వెనక ఆగకుండా ముందుకు పోవడం. కుడి బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక ఆపే మీట) మీద ఆనడమే కారణం, తుపాకీలో లోపం లేదు. వేలిని అర అంగుళం ముందుకు, ఎడమ బొటనవేలి మీదికి జరిపితే పోయింది. రెండోది, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి దూకకుండా స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కోవడం. మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తి ప్రయాణం చేయదు. విరుగుడు: మ్యాగజైన్ అడుగును అరచేత్తో గట్టిగా కొట్టడం, స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి వదలడం, మళ్ళీ గురి. డమ్మీతో ముప్పైసార్లు చేయించాం. పరీక్షలో ఇలా ఆగిపోతే ఆ తూటాలు మళ్ళీ కాల్చనిస్తారా అన్నది ముందే ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి. మధ్యలో చేయి ఎత్తి వాదించడం కుదరదు.

లెక్క తప్పకుండా మ్యాగజైన్లు నింపే ఉపాయం ఈ ప్రాజెక్టు మొత్తంలో బాగా కలిసొచ్చింది. 3 గజాలకు మూడు మ్యాగజైన్లు: 5, 10, 5. విడి తూటాలకు మొదటిది, జంటలకు రెండోది, చివరి అయిదుకు మూడోది. 7 గజాలకు నాలుగుసార్లు అయిదేసి, 15 గజాలకు రెండుసార్లు అయిదేసి. స్లైడ్ వెనక ఆగిందంటే ఆ వరస అయినట్టే. "ఎన్ని కాల్చాను?" అన్న ప్రశ్న తలలోకి రాదు. అన్ని మ్యాగజైన్లూ 15 నింపుకుని వెళ్ళినవాళ్ళు 2 సెకన్ల వరసలో పొరపాటున రెండో తూటా కాల్చేస్తుంటారు. అది చివరికి తూటా తక్కువగా తేలుతుంది.

రివాల్వర్ లెక్క తిరకాసుగా ఉంటుంది. అయిదు తూటాల సిలిండర్‌తో జంటల వరస మొదలుపెడితే రెండు జంటలకు నాలుగు పోతాయి, మూడో జంటలో ఒకటి పేలి రెండోది క్లిక్ అంటుంది. అందుకే ఆ పదింటిని 4, 4, 2గా నింపాలి. మిగతా వరసలన్నీ అయిదు లెక్కకే సరిపోతాయి, 7 గజాల దగ్గరి రెండు-మూడు వరసతో సహా. మధ్యలో నింపుకోవడానికి ఆగాలని ఇన్‌స్ట్రక్టర్‌కు మొదలవకముందే చెప్పాలి. తొడుగులు తీసేటప్పుడు కొస ఆకాశం వైపు, ఎజెక్టర్ కడ్డీని ఒకే దెబ్బతో పూర్తిగా నొక్కాలి. కొస కిందికి ఉండగా మెల్లగా నొక్కితే తొడుగు అంచు ఎజెక్టర్ నక్షత్రం (తొడుగులను బయటికి తోసే ముక్క) కిందికి జారి ఇరుక్కుంటుంది, దాన్ని గోరుతో పీకాల్సి వస్తుంది.

ఆరో వారం: రిహార్సల్, పరీక్ష

రిహార్సల్: గ్లాక్ 100 + 100 + 47 = 247. రివాల్వర్ 100 + 97 + 42 = 239. ఆలస్యం ఇద్దరికీ సున్నా.

సంచిలో పెట్టినవి: ఒక్కొక్కరికి 100 తూటాలు, అవసరమైనవి 50 అయినా సరే. గ్లాక్‌కు 115 గ్రెయిన్ల ఇత్తడి తొడుగువి. ఇండోర్ రేంజ్‌లు చాలావరకు ఉక్కు తొడుగువి, అయస్కాంతానికి అతుక్కునేవి లోపలికి రానివ్వవు. మూడు మ్యాగజైన్లు, చెవుల్లోకి ఫోమ్ ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు. ఇండోర్‌లో పొట్టి గొట్టం .38 పేలుడు పక్క లేన్ మనిషిని సైతం ఉలిక్కిపడేలా చేస్తుంది, రెండు పొరల రక్షణ అందుకే. కళ్ళద్దాలు, అంచున్న టోపీ. మెడ మూసిన చొక్కా. వెడల్పు మెడ కుర్తాలో, వదులు చున్నీ మడతలో వేడి తొడుగు పడిందంటే మనిషి తుపాకీ చేతిలో ఉండగానే గెంతుతుంది. అన్నిటికంటే ప్రమాదం అక్కడే. చెప్పులు కాదు, బూట్లు.

పరీక్షలో పాటించిన నియమం ఒక్కటే: ఇన్‌స్ట్రక్టర్ చెప్పే మాట పూర్తిగా విని, ఆ వరసలో ఎన్ని తూటాలో పెదవి కదిపి ఒకసారి అనుకోవడం. "రెండు, నాలుగు సెకన్లు." బీప్ తర్వాత ఆ అంకె తప్ప వేరే ఆలోచన ఉండదు. 15 గజాల దగ్గర 15 సెకన్లకు అయిదంటే ఒక్కోదానికి 3 సెకన్లు. అక్కడ తొందరపడేవాళ్ళు 8 సెకన్లలో ముగించి మిగతా 7 సెకన్లు టార్గెట్ వైపు చూస్తూ నిలబడతారు. ఉన్న సమయమంతా వాడుకోవాలి.

ఫలితం: గ్లాక్ 100 + 98 + 46 = 244. రివాల్వర్ 100 + 96 + 38 = 234, అందులో 15 గజాల దగ్గర ఒకటి బయటికి పోయింది. పెట్టుకున్న 230 ఇద్దరూ దాటారు.

తూటాల ఖర్చు: గ్లాక్ 450, రివాల్వర్ 375.

రేంజ్ నుంచి బయటపడ్డాక చేతులు, ముఖం చల్లని నీళ్ళతో సబ్బు పెట్టి కడగాలి, ఆ తర్వాతే నీళ్ళయినా తాగాలి. సీసం పొడి కంటికి కనబడదు. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు, విడిగా ఉతకాలి. దరఖాస్తు, శిక్షణ ధృవపత్రం ఆన్‌లైన్‌లో పంపడం గంట పని. వేలిముద్రలు మాత్రం కేంద్రానికి స్వయంగా వెళ్ళి ఇవ్వాలి.

మిగిలిన పనులు: 442 సిలిండర్ ముఖం మీద మసి తోమాలి. ముందు సైట్ మీద నారింజ రంగు కుడి అంచున చిట్లింది, ఆల్కహాల్‌తో పూర్తిగా తీసి తెలుపు నుంచి మళ్ళీ వేయాలి. గ్లాక్ రెండో మ్యాగజైన్ స్ప్రింగ్ ఒక చుట్టు వంగినట్టుంది, విప్పి మొదటిదానితో పక్కపక్కన పెట్టి చూడాలి.